కుటుంబ చట్టాన్ని మలిచిన మన ఊళ్ళ కేసులు

కుటుంబ చట్టం గురించి ఎక్కడ చర్చ జరిగినా విడాకులిచ్చిన భర్త నుంచి ముస్లిం స్త్రీ జీవనభృతి కోరిన షా బానో కేసు, ట్రిపుల్ తలాక్ కేసు, కేరళ క్రైస్తవ స్త్రీల వారసత్వ హక్కును నిలబెట్టిన మేరీ రాయ్ కేసు ముందుగా ప్రస్తావనకు వస్తాయి. ఆ ప్రాధాన్యం వాటికి తగినదే. అయితే దేశమంతటా ఇవాళ కోర్టులు పాటిస్తున్న కొన్ని మౌలిక సూత్రాలు నెల్లూరు, కడప, తిరుపతి, హైదరాబాదు వైపు నుంచి వెళ్ళిన కేసుల్లో స్థిరపడ్డాయన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. సివిల్ కోర్టుల్లో పనిచేసే న్యాయవాదిగా ఆ తీర్పులను నేను తరచుగా ఉదహరిస్తూ ఉంటాను. ఎప్పుడు చదివినా వాటన్నింటిలోనూ ఒకే తగాదా కనిపిస్తుంది: కుటుంబంలో స్త్రీకి అందేది పెద్దవాళ్ళు దయతలచి ఇచ్చినదా, లేక ఆమెకు న్యాయంగా రావలసినదా? దీనికి కోర్టు ఇచ్చే జవాబును బట్టే భూమి ఎవరిదో, ఇల్లు ఎవరిదో, కాపురం ఎలా సాగాలో తేలుతూ వచ్చింది.

వీటిలో మొదట చెప్పుకోవలసింది తులసమ్మ వర్సెస్ శేషారెడ్డి. తులసమ్మ భర్త 1931లో చనిపోయాడు. అప్పటికి ఆయన తన సవతి సోదరుడితో ఉమ్మడిగానే ఉన్నాడు. భర్త వాటాలో వితంతువుకు కొంత హక్కు కల్పించిన చట్టం 1937లో గాని రాలేదు కాబట్టి, అప్పటి హిందూ ధర్మశాస్త్ర నియమం ప్రకారం ఆస్తి అంతా బతికి ఉన్న దాయాదికే చెందింది, ఆమెకు మిగిలింది మనోవర్తి, అంటే జీవనభృతి, ఒక్కటే. దానికోసం ఆమె 1944 అక్టోబరులో నెల్లూరు జిల్లా మున్సిఫ్ కోర్టుకు వెళ్ళింది, 1946లో డిక్రీ సంపాదించింది. డిక్రీ చేతికొచ్చినా డబ్బు రాకపోవడం ఆనాటికీ ఈనాటికీ మారని సంగతి. ఆమె అమలు పిటిషన్ వేయవలసి వచ్చింది, చివరికి 1949 జూలైలో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. మనోవర్తికి బదులుగా కొంత ఆస్తిని ఆమెకు అప్పగించారు. అయితే బతికినంతకాలం అనుభవించడమే తప్ప దాన్ని అన్యాక్రాంతం చేసే అధికారం ఆమెకు లేదనీ, ఆమె తదనంతరం అది తిరిగి దాయాదికే చేరాలనీ రాజీలో షరతు పెట్టారు.

ఇలాంటి షరతు మనకు కొత్తది కాదు. 'యావజ్జీవం అనుభవించుకొనుటకే గాని దాన విక్రయాదులకు హక్కు లేదు' అనే ధోరణిలో రాసిన దస్తావేజులు జిల్లా కోర్టుల్లో పనిచేసే ప్రతి వకీలూ చూసే ఉంటాడు. తల్లికి, వితంతువైన కోడలికి, పిల్లలు లేని పెద్దమ్మకు ఇచ్చే భూమి మీద ఈ వాక్యం దాదాపు అలవాటుగా పడిపోతుంది, రాసేవాడూ రాయించేవాడూ దాని గురించి రెండోసారి ఆలోచించరు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అందులోని 14వ సెక్షన్ మొదటి భాగం ప్రకారం, హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి, ఆ చట్టానికి ముందు వచ్చినదైనా తర్వాత వచ్చినదైనా, ఆమెకు సంపూర్ణ హక్కుతో చెందుతుంది. రెండో భాగం దానికి మినహాయింపు: దానపత్రం, వీలునామా, డిక్రీ వంటి వాటి ద్వారా పరిమిత హక్కుతో వచ్చిన ఆస్తికి మొదటి భాగం వర్తించదు. తులసమ్మ 1960లో కొంత భూమిని కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. వెంటనే దాయాది అదే నెల్లూరు మున్సిఫ్ కోర్టులో దావా వేశాడు. మున్సిఫ్ కోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది, జిల్లా జడ్జి దాన్ని తిరగవేశాడు, హైకోర్టు మళ్ళీ దాయాదికే గెలుపునిచ్చింది. హైకోర్టు వాదన పైకి చూస్తే సరిగ్గానే ఉంటుంది. ఆస్తి రాజీ ద్వారా వచ్చింది, రాజీలో పరిమితి ఉంది, కాబట్టి రెండో భాగమే వర్తిస్తుందని ఆ కోర్టు భావించింది.

1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఈ వాదనను అంగీకరించలేదు. జస్టిస్ ఫజల్ అలీ ధర్మశాస్త్ర గ్రంథాల దాకా వెళ్ళి, వితంతువుకు మనోవర్తి ఇవ్వడం కుటుంబం చూపే ఔదార్యం కాదనీ, భర్త ఆస్తి నుంచి రాబట్టుకోగల హక్కు అనీ సుదీర్ఘంగా నిరూపించాడు. ఆ హక్కు రాజీ కంటే ముందు నుంచీ ఉంది. రాజీ దానికి ఒక రూపం ఇచ్చిందే తప్ప కొత్తగా ఏమీ పుట్టించలేదు. కాబట్టి పాత హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి మొదటి భాగం కిందికే వస్తుందనీ, కాగితం మీద ఎన్ని పరిమితులు రాసుకున్నా 1956 తర్వాత అవి చెల్లవనీ కోర్టు తేల్చింది. ఏ పూర్వహక్కూ లేని స్త్రీకి మొట్టమొదటిసారి దానంగానో వీలునామా ద్వారానో పరిమితులతో ఇచ్చినప్పుడే రెండో భాగం పనిచేస్తుంది. విడిగా తీర్పు రాసిన జస్టిస్ భగవతి, ఈ సెక్షన్‌ను సరిగా రాయకపోవడం వల్ల కక్షిదారులకు అంతులేని గందరగోళం మిగిలిందనీ, వకీళ్ళకు మాత్రం అది స్వర్గమైందనీ బాధతో వ్యాఖ్యానించాడు.

ఈ తీర్పు గొప్పతనం దస్తావేజును చదివే తీరును మార్చడంలో ఉందని నా అభిప్రాయం. అంతకుముందు అందరూ కాగితంలో ఏముందో చూసేవారు. తులసమ్మ కేసు తర్వాత ఆ కాగితం ఎందుకు పుట్టిందో చూడవలసి వచ్చింది. ఇవాళ్టికీ వితంతువు ఆస్తి మీద వాదన మొదలైతే నేను మొదట అడిగేది అదే: ఆ భూమి ఇచ్చేనాటికి ఆమెకు కుటుంబం నుంచి రావలసింది ఏదైనా ఉందా? ఉంటే దస్తావేజులోని చివరి పేరా బలం చాలావరకు పోతుంది. అలాగని వివాదం పూర్తిగా ముగిసిందని చెప్పలేను. వీలునామా ద్వారా జీవితకాలపు హక్కు మాత్రమే ఇచ్చిన సందర్భాల్లో తర్వాతి తీర్పులు రెండు దారుల్లో నడిచాయి. 2024 డిసెంబరులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ వైరుధ్యాన్ని గుర్తించి, విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించవలసిందని ఆదేశించింది. వందల కుటుంబాల ఆస్తి లావాదేవీలు ఈ తీర్పు మీద ఆధారపడి జరిగాయి కాబట్టి, తులసమ్మ సూత్రాన్ని బలహీనపరచకుండానే ఆ విస్తృత ధర్మాసనం స్పష్టత ఇస్తుందని నేను ఆశిస్తున్నాను.

ఆస్తి విషయంలో హక్కును గుర్తించిన న్యాయవ్యవస్థ, శరీరం విషయానికి వచ్చేసరికి వెనుకాడింది. దానికి సాక్ష్యం 1983 నాటి సరిత కేసు. ఆమె తర్వాతి కాలంలో సినీ నటిగా పేరు తెచ్చుకున్నారు, 1975లో పెళ్ళి జరిగేనాటికి మాత్రం పదహారేళ్ళ హైస్కూలు విద్యార్థిని. పెళ్ళైన కొద్దికాలానికే దంపతులు విడిపోయారు. ఐదేళ్ళు దాటాక భర్త హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, అంటే దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరుతూ, కడప సబ్ కోర్టులో పిటిషన్ వేశాడు. మన ఊళ్ళలో దీన్ని 'కాపురానికి రమ్మని కేసు' అంటారు. ఆ కోర్టుకు విచారణాధికారం లేదన్న ఆమె అభ్యంతరాన్ని సబ్ కోర్టు తోసిపుచ్చడంతో విషయం హైకోర్టుకు వెళ్ళింది. విచారణాధికారం దగ్గర మొదలైన వాదన అక్కడ రాజ్యాంగం దాకా పెరిగింది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన తీర్పు ధైర్యంలోనూ భాషలోనూ అప్పటికి అపూర్వమైనది. కాపురానికి వెళ్ళమని కోర్టు ఆదేశించే ఈ పద్ధతి మన ధర్మశాస్త్రాల్లో లేదనీ, ఇంగ్లండులోని చర్చి కోర్టుల నుంచి వలస పాలనలో మనకు అంటుకున్నదనీ, ఇంగ్లండు దాన్ని 1970లోనే రద్దు చేసుకున్నదనీ ఆయన గుర్తు చేశాడు. ఇష్టంలేని స్త్రీని భర్త దగ్గరికి వెళ్ళమని ప్రభుత్వమే ఆదేశించడం అంటే, తన శరీరం ఎవరి స్పర్శకు లోను కావాలో, తాను ఎప్పుడు తల్లి కావాలో నిర్ణయించుకునే అధికారాన్ని ఆమె నుంచి లాక్కోవడమేనని వివరించాడు. అది వ్యక్తి ఏకాంతానికీ (ప్రైవసీకి) గౌరవానికీ భంగమనీ, ఆ పద్ధతి అనాగరికమైనదనీ ప్రకటించాడు. సెక్షన్ భార్యాభర్తలిద్దరికీ వర్తిస్తున్నట్టు కనిపించినా, గర్భం మోయవలసినది స్త్రీయే కాబట్టి ఆ సమానత్వం కాగితానికే పరిమితమని చెప్పి, రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (జీవితం, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణాల కింద 9వ సెక్షన్‌ను కొట్టివేశాడు.

ఆ తీర్పు ఆయుష్షు దాదాపు పదమూడు నెలలే. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు దాంతో విభేదించి, ఇంటి లోపలికి రాజ్యాంగాన్ని తీసుకురావడం గాజుసామాను దుకాణంలోకి ఎద్దును తోలడం వంటిదని వ్యాఖ్యానించింది. 1984 ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ అభిప్రాయాన్నే సమర్థించింది. దాంపత్య హక్కు వివాహ వ్యవస్థలోనే అంతర్లీనంగా ఉన్నదనీ, ఆదేశాన్ని పాటించకపోతే ఆస్తి జప్తు తప్ప బలవంతం ఉండదనీ, సంసారం విచ్ఛిన్నం కాకుండా ఈ సెక్షన్ కాపాడుతుందనీ చెప్పింది. ఇక్కడ ఆ కేసు వాస్తవాలను కాస్త ఆగి చూడాలి. కాపురం కోరుతూ కోర్టుకు వెళ్ళినది భార్యే. భర్త అభ్యంతరం చెప్పకుండా డిక్రీకి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత, డిక్రీ వచ్చి ఏడాది గడిచినా కలిసి ఉండలేదన్న కారణంతో అతనే విడాకులు కోరాడు, చివరికి విడాకులు మంజూరయ్యాయి కూడా. సంసారాన్ని కాపాడుతుందని కోర్టు మెచ్చుకున్న సెక్షన్, ఆ కేసులోనే దాన్ని తెంచుకోవడానికి మెట్టుగా ఉపయోగపడింది. సుప్రీంకోర్టు తీర్పు పట్ల ఉండవలసిన గౌరవంతోనే, ఈ అంశంలో మన హైకోర్టే సరిగ్గా ఆలోచించిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వ్యక్తి ఏకాంతం ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రకటించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పు తర్వాత జస్టిస్ చౌదరి మాటలకు మళ్ళీ ప్రాణం వచ్చింది. 2019లో 9వ సెక్షన్‌ను సవాలు చేస్తూ న్యాయశాస్త్ర విద్యార్థులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఈలోగా కింది కోర్టుల్లో జరుగుతున్నది మాత్రం వేరు. భార్య మనోవర్తి కోసం పిటిషన్ వేస్తే, కొద్దిరోజుల్లో భర్త వైపు నుంచి కాపురానికి రమ్మని కేసు పడుతుంది. ఆమె వెళ్ళదని అతనికి తెలుసు. వెళ్ళలేదు కాబట్టి మనోవర్తి ఎగవేయవచ్చన్నది లెక్క. ఈ లెక్కను 2025 జనవరిలో ఝార్ఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చాలావరకు చెరిపేసింది. కాపురానికి వెళ్ళమన్న డిక్రీని పాటించనంత మాత్రాన భార్య మనోవర్తి హక్కు పోదనీ, ఆమె వెళ్ళకపోవడానికి తగిన కారణం ఉన్నదా అన్నది విడిగా పరిశీలించాలనీ చెప్పింది. ఆ కేసులో భార్య చెప్పిన బాధల్లో ఇంట్లోని మరుగుదొడ్డిని వాడుకోనివ్వకపోవడం ఒకటి.

విదేశాల్లో బంధువులున్న ప్రతి తెలుగు కుటుంబమూ తెలుసుకోదగిన తీర్పు 1991 జూలై 9న వచ్చిన వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి. 1975లో తిరుపతిలో పెళ్ళి, 1978లో ఎడబాటు. తర్వాత భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు నుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. భార్య తన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా పంపింది గాని అక్కడికి వెళ్ళి వాదించలేదు. 1981 నవంబరులో అతను యాదగిరిగుట్టలో మరో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కింద ఫిర్యాదు చేసింది. అమెరికా డిక్రీ జిరాక్సు కాపీ చూసి మేజిస్ట్రేటు నిందితులను వదిలేశాడు. ఆ జిరాక్సు సాక్ష్యంగా చెల్లదని హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూనే, జిరాక్సు దగ్గర ఆగకుండా అసలు ప్రశ్నలోకి వెళ్ళింది.

జస్టిస్ పి.బి. సావంత్ రాసిన ఆ తీర్పు ప్రకారం, ఏ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం గుర్తించే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద ఇచ్చిన విడాకులే ఇక్కడ చెల్లుతాయి. భర్త అక్కడ తొంభై రోజులు నివసించాడన్న ప్రాతిపదిక మీద, వివాహబంధం కోలుకోలేనంతగా దెబ్బతిన్నదన్న కారణంతో మిస్సోరి కోర్టు డిక్రీ ఇచ్చింది. హిందూ వివాహ చట్టంలో ఆ ప్రాతిపదికా లేదు, ఆ కారణమూ లేదు. భార్య కూడా ఆ దేశంలోనే స్థిరంగా నివసిస్తూ, మన చట్టం ఒప్పుకునే కారణం మీదే డిక్రీ వచ్చినప్పుడు, లేదా ఆమె తనంతట తాను అక్కడి కోర్టులో హాజరై అటువంటి కారణం మీదే వాదించినప్పుడు, లేదా ఆమె విడాకులకు సమ్మతించినప్పుడు మినహాయింపు ఉంటుంది. నోటీసు అందింది కాబట్టి ఆమెకు అవకాశం ఇచ్చినట్టే అనుకోకూడదని కూడా కోర్టు స్పష్టం చేసింది. తిరుపతిలో ఉన్న స్త్రీ సెయింట్ లూయిస్ వెళ్ళి వకీలును పెట్టుకుని వాదించగలదా అన్న వాస్తవాన్ని చట్టం చూడాలని చెప్పిన మొదటి తీర్పుల్లో ఇది ఒకటి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో విడాకులు తీసుకుని ఇక్కడ సంబంధాలు చూసుకునేవారు ఆ డిక్రీ ఏ మినహాయింపు కిందికి వస్తుందో ముందే ఒక వకీలుకు చూపించుకోవడం మంచిది. ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్న విడాకులకు సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఆడపిల్లల వాటా విషయంలో మనకు కోర్టు కంటే శాసనసభే ముందు నడిచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన రాష్ట్ర సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి కుమార్తెలకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఆ దారిలో తర్వాత నడిచాయి. కానీ అప్పటికే పెళ్ళైన కుమార్తెలకు ఆ చట్టం వర్తించలేదు. ఒకే ఇంట్లో ఆగస్టులో పెళ్ళైన అక్కకు ఏమీ రాలేదు, అక్టోబరులో పెళ్ళైన చెల్లికి అన్నతో సమానంగా వచ్చింది. ఈ గీత ఎక్కడ గీయాలన్న వివాదాలు మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు చేరాయి. పంపకం దావాలో వాటాలు తేల్చే ప్రాథమిక డిక్రీ వచ్చినా, ఆస్తిని విడగొట్టే తుది డిక్రీ ఇంకా రాకపోతే పంపకం పూర్తయినట్టు కాదనీ, ఈలోగా వచ్చిన చట్టం ప్రయోజనం కుమార్తెలకు దక్కుతుందనీ 1991లో సాయిరెడ్డి కేసులో కోర్టు చెప్పింది. కుమార్తెలకు దేశమంతటా ఇదే హక్కు ఇచ్చిన 2005 నాటి కేంద్ర సవరణ తర్వాత అదే సూత్రాన్ని 2011లో గండూరి కోటేశ్వరమ్మ కేసులో తిరిగి ధ్రువీకరించింది.

ఆ సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న ప్రశ్న మీద మాత్రం సుప్రీంకోర్టు తీర్పులే ఒకదానితో ఒకటి పొసగలేదు. 2015 నాటి తీర్పు బతికి ఉండాలన్నది, 2018 నాటి తీర్పు తండ్రి అంతకుముందే చనిపోయిన కుటుంబంలోనూ కుమార్తెలకు వాటా ఇచ్చింది. చివరకు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం హక్కు పుట్టుకతోనే వస్తుంది కాబట్టి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది అప్రస్తుతమని తేల్చింది. ఆ ధర్మాసనంలోని జస్టిస్ అబ్దుల్ నజీర్ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. ఆచరణలో నాకు ఎక్కువగా పనికొచ్చేది ఆ తీర్పులోని మరో భాగం. 'ఎప్పుడో పెద్దల సమక్షంలో నోటిమాటగా పంచుకున్నాం' అన్న వాదనను సాధారణంగా అంగీకరించరాదనీ, రిజిస్టరు దస్తావేజో కోర్టు డిక్రీయో ఉండాలనీ, చాలా అరుదుగా ప్రభుత్వ రికార్డులు బలంగా సమర్థించినప్పుడే నోటి పంపకాన్ని నమ్మవచ్చనీ కోర్టు చెప్పింది. అన్నదమ్ములు వేసే జవాబుదావాల్లో ఈ నోటి పంపకం, దాని వెంటే 'కట్నం, పసుపు కుంకుమలు ఇచ్చేశాం' అన్న వాక్యం ఎంత మామూలుగా కనిపిస్తాయో కోర్టులో పనిచేసేవారికి తెలుసు. కట్నం ఇచ్చామన్నది వాటాకు జవాబు కాదు. తండ్రి స్వార్జితాన్ని ఆయన వీలునామాతో ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, ఈ హక్కు పిత్రార్జితానికే చెందుతుంది.

ఇక మనోవర్తి. షా బానో కేసులో మధ్యప్రదేశ్ హైకోర్టు నెలకు 25 రూపాయల నుంచి పెంచిన మొత్తం 179 రూపాయల 20 పైసలు. ఆ చిన్న మొత్తాన్ని 1985లో సుప్రీంకోర్టు సమర్థించినందుకు దేశమంతా అల్లకల్లోలమై 1986లో విడాకులు పొందిన ముస్లిం స్త్రీల విషయంలో కొత్త చట్టం వచ్చింది. 2001లో డానియల్ లతీఫీ తీర్పు ఆ చట్టాన్ని స్త్రీకి మేలు జరిగేలా వ్యాఖ్యానించింది. అయినా విడాకులు పొందిన ముస్లిం స్త్రీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అన్ని మతాల భార్యలకూ మనోవర్తి ఇప్పించే 125వ సెక్షన్ కింద వెళ్ళవచ్చా అన్న సందేహం మిగిలే ఉంది. అది 2024 జూలై 10న మహమ్మద్ అబ్దుల్ సమద్ వర్సెస్ తెలంగాణ రాష్ట్రం కేసులో తీరింది. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల మధ్యంతర మనోవర్తి ఇస్తే, తెలంగాణ హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. అది కూడా ఇవ్వనవసరం లేదని, 1986 చట్టం ఉండగా 125వ సెక్షన్ వర్తించదని భర్త వాదించాడు. జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ వేర్వేరుగా రాస్తూ ఒకే నిర్ణయానికి వచ్చారు. రెండు దారులూ తెరిచే ఉన్నాయి, ఏది ఎంచుకోవాలో ఆమె ఇష్టం. ఇల్లు చూసుకునే భార్యకు ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు వంటివి కల్పించాలని జస్టిస్ నాగరత్న రాసిన మాటలు నాకు ఎంతో విలువైనవిగా తోచాయి.

125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. దాని కింద పిటిషన్ వేసేవారు 2020 నవంబరులో వచ్చిన రజనీష్ వర్సెస్ నేహా తీర్పును కూడా తప్పక చూసుకోవాలి. మనోవర్తి ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కాకుండా పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్కకట్టాలని, ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పులు తెలిపే ప్రమాణపత్రం దాఖలు చేయాలని అది నిర్దేశించింది. భర్త ప్రమాణపత్రంలో జీతం మాత్రమే చూపించి ఊళ్ళో ఉన్న పొలం, అద్దెలు దాచడం సర్వసాధారణం. పట్టాదారు పాసుపుస్తకం వివరాలు, అడంగల్ నకలు, ఆదాయపన్ను రిటర్నులు, అద్దె ఒప్పందాలు వంటివి దొరికినంతవరకు పిటిషన్‌తోపాటే జతచేస్తే, మధ్యంతర ఉత్తర్వు దశలోనే జడ్జిగారి ముందు అసలు లెక్క ఉంటుంది.